పక్కమనిషి మొహంలో రుచి

“నిజం చెప్పు వదినా. నీకసలు రుచి తెలుస్తోందా?”

మరిది ఈ మాట అడిగింది భోజనాల దగ్గర, అందరి ముందు. కూరలో ఉప్పు రెండోసారి పడింది. ఆ సంగతి వండినావిడకి తప్ప పళ్లెం ముందు కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు. మొగుడు నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తోడికోడలు పిల్లల అన్నంలో పెరుగు గుమ్మరించి కూరని ముంచేసే పనిలో ఉంది. ఆవిడ మాత్రం గరిటె ఆపలేదు.

“ఇన్నేళ్లూ గిన్నె అడుగు గీకి తిన్నప్పుడు ఈ అనుమానం రాలేదేం? కడుపు నిండినవాడికి కూరలో వంకలు బాగానే కనపడతాయి,” అంది.

అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. అడిగినదానికి జవాబు రాలేదన్న సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, స్టవ్ వైపు తిరిగి, గిన్నెలో మిగిలిన కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది. తడి మట్టి తిన్నా అంతే తెలిసేది.

పనిచేసేచోట ఆవిడని నాలుకక్క అంటారు. టోకు దుకాణాల వీధి వెనక ఉన్న రేకుల షెడ్డులో ఆవిడ ఉద్యోగం. ఆకులు, వేర్లు, బెరళ్లు బస్తాల్లో అక్కడికొస్తాయి. ఏరి, ఎండబెట్టి, మరలో ఆడించి, పొట్లాలుగానో గొట్టం మాత్రలుగానో బయటికి పంపుతారు. రక్తం పట్టడానికి ఒకటి, నిద్ర పట్టడానికి ఒకటి, జుట్టు నిలవడానికి ఒకటి, జ్ఞాపకం నిలవడానికి ఒకటి. గోడ మీది బోర్డుని నమ్మితే చావుకి తప్ప అన్నిటికీ అక్కడ మందుంది. “చావు మీద కూడా సారు పరిశోధన చేస్తున్నారు, డబ్బా సైజు తేలక ఆగారు” అనేది పొట్లాల మూతులు అతికే సీలింగ్ మిషన్ దగ్గర కూర్చునే ఆవిడ.

సారంటే యజమాని. ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాడు. ప్రయోగశాలలో పరీక్ష అంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు, దానికెంత ఖర్చవుతుందో ఇంకా బాగా తెలుసు. అందుకే ఆయన నాలుకక్కని నమ్ముకున్నాడు. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో ‘ప్రతి విడతా అనుభవజ్ఞులు రుచి చూసి ఆమోదించినది’ అని అచ్చు వేయించాడు. అనుభవజ్ఞులు బహువచనం. మనిషి ఒక్కతే.

నమ్మడంలో ఆయన తప్పేమీ లేదు, మొదట్లో. ఆవిడ ఆకుల్లోంచి ఈనెలు ఏరే బల్ల దగ్గర కూలీగా చేరింది. ఏరుతూ ఏరుతూ ఒక ఆకు నమిలి, “ఇది నీడన ఆరినది కాదు, ఎండలో పడేశారు” అనేది. అడిగి చూస్తే నిజమే అయ్యేది. నిలవ శొంఠి మంట మిగుల్చుకుని వాసన పోగొట్టుకుంటుందని, తడి మిగిలిన మునగాకు నాలుక చివర జారుతుందని, ఉసిరిపొడిలో పిండి కలిపితే పులుపు వచ్చినంత తొందరగా పోతుందని చెప్పేది. సారు ఆవిడని బల్ల దగ్గర్నుంచి లేపి, మర గది గుమ్మం పక్కన కుర్చీ వేయించాడు. జీతం పైన కొంత ఎక్కువిచ్చాడు. దానికి షెడ్డంతా నాలుక భత్యం అని పేరు పెట్టింది. ఆ భత్యం కంటే కుర్చీ గొప్పది. ఊడ్చే మనిషి కూడా దాన్ని చెయ్యి కడుక్కుని జరిపేవాడు. రెండేళ్లు గడిచాక మరిదికి పని లేదంటే ఆవిడ ఒక్క మాట చెప్పింది. మర్నాటికి అతను మర దగ్గర ఉన్నాడు.

తర్వాత ఒక వానాకాలం జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. పోతూ పోతూ వాసననీ రుచినీ పట్టుకుపోయింది.

వస్తాయిలే అనుకుంది. అందరూ అంతే అంటారు కదా. ఈలోగా షెడ్డులో ఉన్నవన్నీ మింగింది. జింకు బిళ్లలు, విటమిన్ గొట్టం మాత్రలు, ఉసిరిపొడి, అశ్వగంధ, పని చేసేవాళ్లకి తగ్గింపు ధరకి ఇచ్చేవన్నీ. గోళ్లు గట్టిపడ్డాయి. జుట్టు కూడా కాస్త నిలిచిందని తోడికోడలు మెచ్చుకుంది. నాలుక ఒక్కటే ఎక్కడిదక్కడే ఉంది. మూలికలు మంచివి కావని నేననను. దేనికి మంచివో తెలియకుండా అన్నీ మంచివే అనేవాళ్లతోనే నాకు పేచీ. ప్రకృతి ఇచ్చింది, హాని చెయ్యదు అంటారు. తేలుని ఎవరిచ్చారో మరి.

సారుకి చెప్పాలి. రేపు చెబుదామనుకుంది. చెబితే కుర్చీ పోతుంది, మళ్లీ ఈనెల బల్ల. అక్కడున్నవాళ్లు కొంచెం జరిగి చోటిస్తారు, జాలిగా. ఆ జాలి తలుచుకుంటే ఆవిడకి చెవులు వేడెక్కేవి. అలా రేపు అనుకుంటూనే ఇంకో ఉపాయం కనిపెట్టింది.

సీలింగావిడకి లోపలొకటి పైకొకటి ఉండదు. ఉసిరికి ఎడమ కన్ను మూసుకుపోయేది. శొంఠికి కనుబొమలు నుదుటి మీదకి ఎక్కేవి. పాతబడ్డ ఆకైతే కింది పెదవి బయటికొచ్చేది. నాలుకక్క ఆమెని పిలిచి, “ఇలా రా, నువ్వూ నేర్చుకో. నేనెల్లకాలం ఉంటానా?” అని ఒక చిటికెడు ఇచ్చేది. తనూ ఒక చిటికెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకున్నట్టు నటిస్తూ, రెప్పల సందులోంచి ఆ మొహం చదివేది. చదివి తీర్పు చెప్పేది. సీలింగావిడ పొంగిపోయేది. “అక్క నాకు విద్య చెబుతోంది” అని అందరితో చెప్పుకునేది. దొంగిలించేవాళ్లు గురువులుగా చలామణీ అవడం కొత్తేమీ కాదు. ఇంత చిన్న షెడ్డులో జరగడమే వింత.

ఇలా చాలా నెలలు నడిచింది. ఒక్క తప్పు కూడా పడలేదు.

మర దగ్గర ఒక పద్ధతి ఉంది. సునాముఖి ఆకు విరేచనానికి వాడేది. దాన్ని ఆడించిన మరలో మరో ఆకు వెయ్యాలంటే ముందు ఊక పోసి ఆడించి పారబొయ్యాలి. పొడి పడే మూతికి కట్టిన పొడుగాటి గుడ్డ తొడుగుని విప్పి దులపాలి. ఆ తర్వాత కొత్త ఆకు మొదటి డబ్బా నాలుకక్క ముందుకొస్తుంది. ఆవిడ ‘కానివ్వు’ అంటే పని సాగుతుంది. ‘మళ్లీ’ అంటే ఇంకోసారి ఊక. ఈ రెండు మాటలకే భత్యం.

ఆ రోజు సునాముఖి తర్వాత మునగాకు. సిటీ బస్సు డ్రైవర్ల సంఘం బలానికని ఆర్డరిచ్చింది. మరిది ఊక ఆడించాడు. తొడుగు దులపడం మర్చిపోయాడు. అతని తప్పే, కాదనేదేముంది. కానీ అలాంటి తప్పు పట్టుకోడానికే గుమ్మం పక్కన కుర్చీ వేశారు.

మొదటి డబ్బా వచ్చింది. నాలుకక్క సీలింగావిడని పిలిచి చిటికెడు ఇచ్చింది. ఆమె నోట్లో వేసుకుంది. కన్ను కదల్లేదు, కనుబొమ ఎక్కలేదు, పెదవి రాలేదు. నున్నటి గోడలా ఉంది మొహం. ఇంత మంచి ఆకు ఈ మధ్య రాలేదనుకుంది నాలుకక్క.

“కానివ్వు,” అంది.

మధ్యాహ్నం కుళాయి దగ్గర సీలింగావిడ టీ తాగుతుంటే సగం గడ్డం మీదుగా కారింది. ఆమె తుడుచుకుని తనే నవ్వింది.

“చూడక్కా, ఈ మూతి ఇంకా నా స్వాధీనంలోకి రాలేదు. పొద్దున్న పంటికి సిమెంటు పెట్టించుకుని ఇటే వచ్చా. పంటి డాక్టరు సూది పొడిచాడు, మూతీ నాలుకా మొద్దుబారిపోయాయి. నువ్వు పెట్టిన పొడి ఆకో ఇసకో కూడా తెలీలా.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు చూస్తున్నావుగా, నేనేం చెప్పేది?”

గేటు దగ్గర వ్యాను తలుపులు తెరిచే ఉన్నాయి. అట్టపెట్టెలు ఎక్కిస్తున్నారు. అప్పుడు ‘మళ్లీ’ అంటే చాలు, అన్నీ దిగేవి. అంటే, ఎందుకని అడుగుతారు. పొద్దున్న కానివ్వు అన్నదానివి ఇప్పుడెందుకు మళ్లీ అంటున్నావని సారు అడుగుతాడు. ఆవిడ కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. కడిగినవే మళ్లీ కడిగింది. మరిది ఏ రోజూ పని చెడగొట్టలేదు, ఇవాళ మాత్రం ఎందుకు చెడగొడతాడు, అని తనకి తాను చెప్పుకుంది. వ్యాను తలుపులు మూసుకున్న చప్పుడు వినపడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు రోజుల్లో సంఘం కార్యదర్శి పొట్లాలు సంచిలో వేసుకుని వచ్చాడు. పెద్దమనిషి, మాట మెల్లగా ఉంటుంది.

“బలానికని మీ పొడి తీసుకున్నాం. మావాళ్లు బస్సులు నడిరోడ్డు మీద వదిలేసి పరిగెత్తారు. ఆ పరుగు చూస్తే బలం వచ్చిందనే అనుకోవాలి,” అన్నాడు.

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగి, అదే గొంతుతో మిగతాది చెప్పాడు. వచ్చే ఏడు రిటైరవబోయే డ్రైవరొకతను డిపోలో కళ్లు తిరిగి పడ్డాడు. ఒంట్లో నీరంతా పోయింది. ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తున్నారు. అప్పుడెవరూ నవ్వలేదు.

సారు అద్దాల గదిలోకి ఇద్దరినీ పిలిచాడు. ముందు నాలుకక్కని అడిగాడు.

“మొదటి డబ్బా చూశావా అమ్మా?”

“చూశాను సార్.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది సార్.”

ఆ రెండు ముక్కల్లో మరిది పని తేలిపోయింది. మొదటి డబ్బా బాగుంటే ఆ తర్వాత తొడుగులోంచి రాలి ఉంటుంది. తొడుగు దులపనివాడు అతనే. “దులిపావా?” అంటే అతను “లేదు సార్” అన్నాడు. అబద్ధం ఆడలేదు. వదిన వైపు ఒకసారి చూశాడు. కోపంగా చూసుంటే బాగుండేది. తప్పులో పాలున్నవాళ్లు తమ వంతుగా నోరు విప్పుతారేమోనని చూసే చూపు అది. ఆవిడ సారు బల్ల మీది పేపర్ వెయిట్ వంక చూస్తూ నిలబడింది.

ఆస్పత్రి ఖర్చూ వెనక్కొచ్చిన సరుకు నష్టమూ తీరేదాకా అతని జీతంలో నెలనెలా కోత. మర మీంచి తీసి బస్తాలు మొయ్యడానికి వేశారు. సెలవు రోజున రెండు కుటుంబాలూ ఆవిడ వాటాలో కలిసి తినే అలవాటు ఆ వారమే ఆగింది. తోడికోడలు పోట్లాడలేదు. అరువు తీసుకున్న పెద్ద గిన్నె శుభ్రంగా తోమి, గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. తిట్టుంటే తిరిగి తిట్టొచ్చు. తోమిన గిన్నెతో ఏం పోట్లాడతారు?

“వాళ్లతో ఏమైంది?” అన్నాడు మొగుడు.

“ఏముంది, తోడికోడళ్లన్నాక ఏదో ఒకటి,” అంది. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యమేసింది. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. దొంగతనం మళ్లీ మళ్లీ చేస్తుంటే కుట్టినట్టు కూడా తెలియదు కాబోలు.

ఇంతటితో ఆగినా సరిపోయేది. కానీ సారుకి పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలని పట్టుకుంది. కొత్త పొట్లం మీద నాలుకక్క ఫొటో వేద్దామన్నాడు. చిటికెడు పొడి నాలుక మీద పెట్టుకుని నవ్వుతున్న ఫొటో. “మా నాణ్యతకి ఈ తల్లే సాక్ష్యం” అని కింద రాయిస్తానన్నాడు. ఆవిడ వద్దంది. వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నాడు.

ఫొటోగ్రాఫర్ వచ్చాడు. తెల్లగుడ్డ కట్టారు, లైట్లు పెట్టారు. పనంతా ఆపి షెడ్డు గుమిగూడింది. బస్తా భుజాన వేసుకుని మరిది కూడా దాటలేక ఆగిపోయాడు. ఫొటోగ్రాఫర్ ఓ పట్టాన వదిలే రకం కాదు; ఇంకోటి, ఇంకోటి అంటూ నోట్లో పొడి మళ్లీ మళ్లీ వేయించాడు. అందరికీ విసుగొచ్చింది. సీలింగావిడకి మాత్రం కొంటెబుద్ధి పుట్టింది. మునగాకు గిన్నె తీసి, నేలవేము గిన్నె పెట్టింది. నేలవేము చేదుకి తాత. గోరంత నోట్లో పడితే మనిషి మొహం మర్నాడు గానీ మామూలుకి రాదు. అక్క ఎగిరి గంతేస్తుంది, అందరం నవ్వుకుందామన్నది ఆమె ఆలోచన.

నాలుకక్క చిటికెడు తీసుకుంది. నాలుక మీద వేసుకుంది. లైట్ల వైపు చూసి నవ్వింది.

“అద్భుతం. ఇదీ ఫొటో అంటే,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

సీలింగావిడ చెంపల మీద చేతులు పెట్టుకుంది. “అక్కా,” అంది మెల్లగా, “అది నేలవేము.”

ఆవిడ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దింపుకోడానికి చోటు దొరకనట్టు. ఒక్క క్షణం. అంతలోనే అలవాటైన మాట దొర్లుకుంటూ వచ్చింది.

“తెలుసులేవే. ఫొటో చెడుతుందని ఓర్చుకున్నా. ఇన్నేళ్ల నాలుక ఇది, నీ గిన్నెలకి హడలుతుందా?”

షెడ్డు గొల్లున నవ్వింది. సారు చప్పట్లు కొట్టాడు. “చూశారా, పనిమంతురాలంటే అదీ,” అన్నాడు. అందరూ నమ్మారు. ఆ నమ్మకమే ఆవిడ మీద వేడినీళ్లలా పడింది. జనం మధ్యలోంచి బస్తా ఒకటి కదిలి గోదాము వైపు వెళ్లిపోయింది.

ఆవిడ కాసేపయ్యాక అక్కడికే వెళ్లింది. మరిది బస్తాల మీద కూర్చుని మెడ రుద్దుకుంటున్నాడు.

“నీళ్లు తాగావా?” అన్నాడు.

“దేనికి?”

“చేదు తిన్నవాళ్లు తాగుతారు. అందరూ నవ్వుతున్నారు గానీ, నీకు గ్లాసు ఇద్దామని ఎవరికీ తోచలేదు. నీకూ తోచలేదు.”

ఆవిడ గోడకి ఆనుకుంది. “నీకెప్పట్నించి తెలుసు?”

“ఉప్పు కూర రోజు అనుమానం. మొదటి డబ్బా రోజు నమ్మకం. డబ్బా నేనే తెచ్చానుగా. నువ్వు పొడి వంక చూడలేదు, సీలింగావిడ మొహం వంక చూశావు.”

“మరి సారు ముందు అనలేదేం?”

“నేనంటే చాడీ అవుతుంది. నువ్వంటే నిజం అవుతుంది. అంటావేమోనని చూశా.” అతను లేచి బస్తా మూతి బిగించాడు. “నేనేం పుణ్యాత్ముణ్ణి కాదు వదినా. ఇంట్లో నీ గురించి అనకూడనివన్నీ అన్నా. తొడుగు దులపలేదన్నది నిజమే గదా, అందుకని బయట నోరెత్తలేదు. ఈ ఉద్యోగం ఇప్పించింది నువ్వు. నీ తప్పు కూడా నా నెత్తిన పడటానికి ఇప్పించావని మాత్రం అనుకోలేదు.”

తల కొట్టేసినట్టయింది ఆవిడకి. క్షమించమనడానికి నోరు తెరిచింది. ఆ నోరు మీద ఆవిడకే నమ్మకం లేదు. మూసేసింది.

మర్నాడు పొద్దున్నే అద్దాల గదికి వెళ్లి, కూర్చోకుండా మొత్తం చెప్పింది. జ్వరం, సీలింగావిడ మొహం, పంటి సూది, కుళాయి దగ్గర నిలబడ్డ ఆ కాసేపు. ఆ చివరిది ఎంత మెల్లగా చెప్పిందంటే, సారు “ఏంటీ?” అంటే రెండోసారి చెప్పాల్సొచ్చింది. తిడతాడనుకుంది. ఆయన లేచి తలుపు వేశాడు.

“పొట్లాలు అచ్చుకి వెళ్లిపోయాయి. నీ ఫొటోతో,” అన్నాడు. “ఈ మాట ఈ గది దాటకూడదు. ఇకనుంచి ప్రతి విడతా పరీక్షకి పంపిస్తా, ఖర్చయితే అయింది. నువ్వు ఆ కుర్చీలో కూర్చో చాలు.”

“కూర్చోను సార్. మరి మా మరిది కోత?”

“తొడుగు దులపలేదుగా అతను? నీ మాట విని కోత తీసేస్తే ఎందుకు తీశానో అందరికీ చెప్పాలి. చెప్పమంటావా?”

చెప్పమంది. ఆయన చెప్పలేదు. ఆవిడే చెప్పింది, టీ వేళ, సీలింగ్ మిషన్ పక్కన నిలబడి, అందరికీ. ముందు సీలింగావిడకి. ఆమె చేతిలోని టీ గ్లాసు మిషన్ మీద పెట్టింది. “అయితే నాకు విద్యేం రాలేదన్నమాట,” అంది. అప్పుడు మాత్రం ఆమె మొహం చదవడానికి నాలుకక్కకి ధైర్యం చాలలేదు. సాయంత్రం మొగుడికీ తోడికోడలికీ చెప్పింది. తోడికోడలు విని, “ఆ గిన్నె మళ్లీ తీసుకెళ్తా, ఆదివారం ఏదైనా వండుకొస్తాం,” అంది, ఎటో చూస్తూ. అయినా ఆ ఆదివారం వాళ్లు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

ఇప్పుడావిడ ఈనెల బల్ల దగ్గర ఉంది. వాళ్లు జరిగి చోటిచ్చారు. అనుకున్నంత జాలేమీ పడలేదు, ఎవరి పని వాళ్లకుంది. సారుకి కోపం ఉన్నా, సంగతి ఇంకా బయటికి పొక్కుతుందన్న భయంతో ఆవిడని పంపెయ్యలేదు; మరిదిని మర మీదకి తిరిగి పంపాడు, కోత మాత్రం తియ్యలేదు. పొట్లాలు బజారుకి వచ్చేశాయి. సబ్బుకని కొట్టుకి వెళ్లినప్పుడు అరల్లో వరసగా ఆవిడే నవ్వుతూ ఉంటుంది, నాలుక మీద నేలవేము పెట్టుకుని. కొట్టువాడు చూడకుండా ఒకటి రెండు పొట్లాలు గోడవైపు తిప్పి వస్తుంది. అప్పుడప్పుడూ చేతిలోని ఆకు నమిలి చూస్తుంది. ఇంకా మట్టే.

పడిపోయిన డ్రైవరు కోలుకుని డ్యూటీకి వచ్చాడని తెలిసి డిపోకి వెళ్లింది. అతను ఆవిడ చెప్పింది విని, “అమ్మా, నా బస్సు టైమైంది,” అని లేచి వెళ్లాడు. అంతకు మించి ఆవిడకి రావలసిందీ ఏమీ లేదు.

మరిది జీతంలో కోసిన మొత్తం తనే తీరుస్తానంది. అతను వద్దనలేదు. నెలనెలా కవరు తోడికోడలు చేతిలో పెడుతోంది. భత్యం పోయాక ఆవిడ జీతంలో మిగిలేది తక్కువ. కోసిన దాంట్లో సగానికి పైగా ఇంకా ఇవ్వాలి.